విటమిన్ అని చెప్పాను

జూన్ 9, సోమవారం

ధర్మపురి నుంచి నాలుగింటి బస్సులో వచ్చాను. ఇంట్లో జరీ అంచు కొనడానికి పోతున్నానని చెప్పాను కాబట్టి ఒక జరీ అంచు కూడా కొన్నాను. అబద్ధమైనా వస్తువుతో సహా చెప్పడం నా పద్ధతి.

డాక్టరమ్మ పేరు సుగన్య. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే కాలేజీ పిల్లలకంటే రెండేళ్లు పెద్దదేమో. ఉగాది నుంచి నిద్ర రాదు, గుండె దడ, గుడ్డ మీద కత్తెర పెడితే చేయి వణుకుతుంది, ఊరికే ఏడుపొస్తుంది అని చెప్పాను. ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. ఏమీ జరగలేదు. నాకు అదే అవమానంగా ఉంది. ఏదో ఒకటి జరిగి ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది.

ఆందోళన, డిప్రెషన్ రెండూ ఉన్నాయట. ఒక మాత్ర రాసింది. రోజుకు ఒకటి, పొద్దున టిఫిన్ తిన్నాక. గుణం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, తగ్గిపోతుంది. మనసు ఇంకా పాడైతే, చచ్చిపోవాలనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. నా అంతట నేను ఆపకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పాలి. అన్నిటికీ తల ఊపాను. ఇరవై ఆరేళ్ల కాపురం, తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఇంటికొచ్చి స్ట్రిప్పుల్లోంచి ముప్పై మాత్రలూ విప్పి, అయిపోయిన విటమిన్ సీసాలో పోశాను. సీసాను వంటింటి గూట్లో అందరికీ కనబడేటట్టు పెట్టాను. దాచితేనే జనం వెతుకుతారు.

రోజూ ఎలా ఉందో రెండు ముక్కలు రాసుకోమని కూడా డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఈ నోటు పుస్తకం. ఈ కంబైనల్లూరు తమిళ ఊరు; మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. హోసూరు పక్కన తెలుగు బడిలో చదివినదాన్ని నేనొక్కదాన్నే. రాస్తుంటే మా ఆయన సీనప్ప తొంగి చూశాడు.

"ఏంది రాస్తా ఉండావు?"

"రామకోటి."

వెంటనే చెప్పులు విడిచి దూరం జరిగాడు. ఆయన అక్క సరసమ్మ వదిన వచ్చి నోటును కళ్లకద్దుకుంది. రామా, నువ్వే క్షమించాలి.

జూన్ 11, బుధవారం

వాంతి వచ్చేటట్టు ఉంది. రాలేదు. అంతే.

జూన్ 14, శనివారం

ఇంకా తిప్పుతోంది. ఆవులింతలు కూడా. వదిన పొద్దున్నుంచి నా కడుపు వైపు చూస్తూనే ఉంది. మధ్యాహ్నం మెల్లగా దగ్గరికొచ్చింది.

"వేదా, నిజం చెప్పు. ఏమన్నా విశేషమా?"

"వదినా! నాకు నలభై తొమ్మిది."

"అయితే ఏమి? మా చిన్నత్తకు నలభై ఎనిమిదిలో పుట్టినాడు."

సాయంత్రం సీనప్ప కూడా నన్ను అనుమానంగా చూశాడు. ఆయన ముఖం చూస్తే మూడు నెలల తరువాత మొదటిసారి నవ్వొచ్చింది. మాత్ర వల్ల కాదు, ఇంకా అయిదు రోజులే అయింది.

జూన్ 18, బుధవారం

అష్టమి అని వదిన నన్ను అదియమాన్‌కోట్టై భైరవుడి గుడికి తీసుకుపోయింది. బూడిద గుమ్మడికాయ కోసి దీపం పెట్టించింది. భయాలు పోతాయట. ఏం భయమని నన్ను అడగలేదు. నేను చెప్పలేదు.

మాత్ర మాత్రం వేసుకునే పోయాను. దేవుడికి కోపం వస్తే రానీ.

జూన్ 24, మంగళవారం

పదిహేను రోజులయింది. ఏమీ లేదు. కుళాయి తిప్పి పెట్టి స్నానాల గదిలో ఏడ్చాను. నీళ్లు వృథా అయ్యాయని సీనప్ప అరిచాడు. యోగలక్ష్మి కూతురి పెళ్లి జాకెట్లు ఆరు, గుడ్డ గుడ్డగానే ఉన్నాయి. యోగలక్ష్మి మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది. ఆమెకు సోమవారం తెలిసింది మంగళవారానికి అరూరు దాకా తెలుస్తుంది. నేను జాకెట్లు ఇవ్వలేదన్నది ఇప్పటికి సేలం దాటి ఉంటుంది.

మానేద్దామా అనుకున్నాను. డాక్టరమ్మ రెండు మూడు వారాలంది. మూడో వారం నేను ఆమెకు బాకీ, సరే.

జూన్ 30, సోమవారం

చేయి కత్తిరించాను. నా చేయి కాదు, జాకెట్టు చేయి! కుడిది, ఎడమది, రెండూ. వణకలేదు. గంట పట్టింది. ఇదివరకు పది నిమిషాల పని. అయినా గంటలో అయింది.

జూలై 2, బుధవారం

ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మందు సంగతి కాదు, నేను తేరుకున్న సంగతి. సీనప్ప తన విత్తనాల అంగట్లో కూర్చుని వచ్చినవాళ్లకల్లా చెబుతున్నాడట. "మా ఇంటామె ఒక సత్తు మాత్ర తింటా ఉంది. మనిషే మారిపోయింది." విటమిన్‌ను ఇక్కడ సత్తు మాత్ర అంటారు. నేను ఒక్క మాటా దిద్దలేదు.

రాత్రి భోజనం దగ్గర వదిన చేయి చాపింది.

"నాకూ ఒకటి ఇయ్యి వేదా."

"అది యాభై లోపల వాళ్లకే వదినా."

"నాకు అరవై ఎనిమిది. ఇంకా ఎక్కువ బలం కావల్ల కదా?"

"యాభై దాటితే ఒంట్లో పట్టదంట."

వదిన నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చింతపండు ధర ఎక్కువ చెప్పిన వాడి వైపు అట్లాగే చూస్తుంది.

జూలై 7, సోమవారం

మళ్లీ ధర్మపురి. ఈసారి జరీ కాదు, హుక్కులు కొన్నాను. డాక్టరమ్మకు సంతోషం. ఇదే మోతాదు, ఇంకో ముప్పై.

"ఇంట్లో చెప్పారా?"

"చెప్పాను."

విటమిన్ అని చెప్పాను. చెప్పడమైతే చెప్పాను కదా.

సీసాలో పాతవి రెండు ఉన్నాయి, కొత్తవి ముప్పై పోశాను.

జూలై 12, శనివారం

యోగలక్ష్మి జాకెట్లు నాలుగు అయ్యాయి. వదిన ఈమధ్య నాకంటే ముందే వంటింట్లో ఉంటోంది. మోకాళ్ల నొప్పి పోయిందట, తేలిగ్గా ఉందట. అన్నం మాత్రం వద్దంటోంది, మజ్జిగ చాలంటోంది. కడుపులో తిప్పుతోందట. మామిడిపళ్లు ఎక్కువైనట్టున్నాయి.

జూలై 20, ఆదివారం

పొద్దున మాత్ర తీసుకోబోయి ఊరికే లెక్కపెట్టాను. ఇరవై ఉండాలి. తొమ్మిదే ఉన్నాయి.

మూడుసార్లు లెక్కపెట్టాను. తొమ్మిదే.

అంటే నాకు తెలియకుండా రెండేసి వేసుకున్నానా? గ్యాస్ ఆపానా లేదా అని రెండుసార్లు వెళ్లి చూస్తాను కదా, అట్లా? గుండె పాతరోజుల్లో మాదిరి కొట్టుకుంది. డాక్టరమ్మకు ఫోన్ చేయాలి. చేస్తే సీసా సంగతి, స్ట్రిప్పు విప్పిన సంగతి, ఇంట్లో చెప్పని సంగతి అన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. పదకొండు ఎక్కువ తిన్నాను కాబట్టి కొన్ని రోజులు తినకుండా ఉంటే లెక్క సరిపోతుంది. ఇవాళ వేసుకోలేదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

జూలై 21, సోమవారం

మందులంగడి కందసామికే లెక్క తప్పి ఉంటుందని తోచి బిల్లు మీద నంబరుకు ఫోన్ చేశాను. తమిళంలో నా నోరు ఇంకా బాగా లేస్తుంది. పదకొండు తక్కువ ఇచ్చావన్నాను. ఆయన ఓపికగా అంతా విన్నాడు.

"అమ్మా, స్ట్రిప్పుకు పది. మూడు స్ట్రిప్పులిచ్చాను. పదకొండు తక్కువంటే ఒక స్ట్రిప్పు పోయి, ఇంకోదాన్ని నేను కొరికి ఉండాలి. కొరికిన గుర్తు ఉందా?"

స్ట్రిప్పులు లేవన్నాను.

"ఎందుకమ్మా విప్పారు? పేరు, తేదీ అన్నీ దాని మీదే కదా ఉంటాయి?"

ఫోన్ పెట్టేశాను. మర్యాద తెలియని మనిషి.

జూలై 22, మంగళవారం

తల గిర్రుమంటోంది. పాత ట్యూబ్‌లైటు వెలిగీ ఆరీ చేసినట్టు తలలో ఏదో చిటుక్కుమంటోంది. కారణం లేకుండా సీనప్ప మీద అరిచాను. మూడు రోజులుగా మాత్ర వేసుకోలేదు.

సీసా చూశాను. ఆరు.

నేను ముట్టలేదు. అయినా మూడు తగ్గాయి. అయితే రెండేసి తిన్నది నేను కాదు! ఎంత సంతోషమేసిందో.

ఎలుక అనుకుందామంటే ఎలుకకు మూత తిప్పడం రాదు. సీనప్పే. ఈమధ్య అంగడికి పోతూ పాట పాడుతున్నాడు. పాపం, ఆయనకూ దడ ఉందేమో. అడగాలి. అడిగితే నాది చెప్పాలి. రేపు అడుగుతాను.

జూలై 23, బుధవారం

వదినను ధర్మపురి ఆసుపత్రిలో చేర్చాం.

జూలై 24, గురువారం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున వదిన కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసింది. నవ్వాం. తరువాత సీనప్పను "నాయనా" అని పిలిచింది. వాళ్ల నాయన పోయి ముప్పై ఏళ్లు. అప్పుడు నవ్వలేదు. పెరట్లోకి పోతూ మెట్ల మీద కూలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడడం లేదు. యోగలక్ష్మి పరుగున వచ్చి వాళ్ల కారు తీయించింది. దారి పొడుగునా వదిన తల నా ఒడిలో ఉంది.

రక్తపరీక్ష చేశారు. ఒంట్లో సోడియం బాగా పడిపోయిందట, ఎందుకో తెలియాలట. డాక్టరు ఏమేం మాత్రలు తింటుందని అడిగాడు. సీనప్ప జేబులోంచి బీపీ మాత్ర స్ట్రిప్పు తీశాడు.

"ఇది ఒకటే సార్. ఎనిమిదేళ్లుగా."

"కొత్తగా ఏమైనా?"

"ఏమీ లేదు."

మంచం మీది నుంచి వదిన పెదవులు కదిలాయి. "సత్తు మాత్ర."

నాకు ఆ క్షణంలో అంతా తెలిసిపోయింది. మజ్జిగ, మోకాళ్లు, తొమ్మిది, ఆరు.

సీనప్ప గర్వంగా చెప్పాడు. "అది విటమిన్ సార్. మా ఇంటామె తింటుంది. తిన్నాక బాగా తేరుకొనింది. మంచిదే."

డాక్టరు కాగితం మీద విటమిన్ అని రాసుకోవడం చూశాను. రాసి కాగితం తిప్పాడు.

ఇక్కడ అబద్ధం రాయను. నేను వెంటనే నోరు తెరవలేదు. యోగలక్ష్మి బయటికి పోతుందేమోనని చూశాను. పోలేదు. ఫ్లాస్కు మూత బిగిస్తోంది, బిగిసిన మూతనే మళ్లీ బిగిస్తోంది. వదిన చేయి దుప్పటి మీద ఏదో వెతుకుతోంది.

"సార్, అది విటమిన్ కాదు."

మందు పేరు చెప్పాను, ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాను, ఎందుకు వేసుకుంటున్నానో చెప్పాను, ఏ డాక్టరమ్మ రాసిందో చెప్పాను. విటమిన్ సీసాలో పోసింది నేనేనని చెప్పాను. పద్నాలుగు తగ్గాయి, రోజుకు ఒకటి చొప్పున పద్నాలుగు రోజులు తిని ఉంటుందన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

డాక్టరు కాగితం వెనక్కి తిప్పి విటమిన్ అన్న మాట కొట్టేశాడు. ఈ వయసులో, ఈ రకం బీపీ మాత్రతో కలిస్తే ఆ మందు ఒంట్లో ఉప్పును దించేయగలదట. రెండూ ఆపేయమన్నాడు. ఉప్పును గబగబా పెంచకూడదు, మెల్లగా ఎక్కించాలి, రెండు రోజులు దగ్గరుండి చూడాలి అన్నాడు. తిట్టలేదు. "ఇప్పుడైనా చెప్పారు" అని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సీనప్ప గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

యోగలక్ష్మి నా చేతిలో గ్లాసు పెట్టింది. "కాఫీ తాగక్కా. ఉప్పు లేదులే."

సుగన్య డాక్టరమ్మకు కూడా ఫోన్ చేశాను. అయిదు రోజులుగా నేను మానేసిన సంగతి కూడా చెప్పేశాను. చిటుకులు అందుకేనట. రేపటి నుంచి మామూలుగా ఒకటే వేసుకోవాలి, పోయినవాటికి కలిపి రెండు వేసుకోకూడదు. "ఇంట్లో చెప్పారా?" అని ఈసారి అడగలేదు.

జూలై 26, శనివారం

వదినకు తెలివి బాగా వచ్చింది. వచ్చిన మొదటి గుర్తు, ఆసుపత్రి ఇడ్లీ బాగాలేదని నర్సును నిలబెట్టి అడిగింది. ఎందుకు తిన్నావని నేను అడిగాను.

"నువ్వు ఇయ్యనంటివి కదా."

"ఇయ్యనంటే ఎత్తుకుంటావా?"

"దినానికి ఒకటే ఎత్తుకొంటిని. రెండు ఎత్తలేదు. నేనేమన్నా దొంగనా?" దుప్పటి అంచు మడుస్తూ అంది. "అది తిన్నాక నువ్వు నవ్వినావు వేదా. నేను నవ్వి ఎన్నో దినాలు అయింది."

ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ విప్పి ఆమె ముందు పెట్టాను.

సీనప్ప రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. ఇవాళ బస్టాండు దగ్గర టీ తాగుతూ ఉన్నట్టుండి మొదలుపెట్టాడు.

"నా అంగట్లో ఒక సీసా పురుగుమందు తీసి ఇంకొక సీసాలో పోస్తే ఏమవుతుందో తెలుసునా నీకు? లైసెన్సు పోతుంది. జైలుకు పోవల్ల. ఇరవై ఏండ్లుగా రైతులకు ఇదే చెప్తా ఉండాను. నా ఇంట్లోనే, నా గూట్లోనే!"

"తప్పే."

"తప్పు అది ఒకటే కాదు. నాకు చెప్పినావా? నేను ఏం చేసేస్తాను అనుకొంటివి?"

"పిచ్చిది అంటారని."

"నేనా?"

"ఊరు."

"ఊరు అంటే యోగలక్ష్మే కదా? ఇబ్బుడు తెలిసిపోయింది కదా? ఏమయింది?"

టీ చల్లారిపోయింది. ఇంకొక టీ చెప్పాడు. నాకు చక్కెర ఎక్కువ వేయమన్నాడు.

జూలై 29, మంగళవారం

వదిన ఇంటికొచ్చింది. మాత్రలు స్ట్రిప్పులోనే ఉన్నాయి, సీనప్ప బీరువాలో ఉన్నాయి. రోజూ పొద్దున టిఫిన్ కాగానే తాళం తీసి, ఎరువుల మూట ఇచ్చినట్టు ఒక్కటి చేతిలో పెట్టి, నేను మింగేదాకా నిలబడి చూస్తున్నాడు. తోడుగా గ్లాసు నీళ్లు తెస్తున్నాడు, అది మాత్రం కొత్త.

యోగలక్ష్మి పని యోగలక్ష్మి చేసింది. కానీ ఊరు తిరిగేసరికి సంగతి వేరే అయింది. నేను తినే మాత్రతో ఒళ్లు తగ్గుతుందట. వదిన అది తినే అంత సన్నబడిందట. ఇవాళ ముగ్గురు వచ్చి పేరు అడిగారు. చెప్పలేదు. సుగన్య డాక్టరమ్మ ఆసుపత్రి నంబరు రాసిచ్చాను. ఇద్దరు చూసి మళ్లీ నా చేతికే ఇచ్చారు. మూడో ఆవిడ మడిచి రవికలో పెట్టుకుని వెళ్లింది.

ఆగస్టు 4, సోమవారం

వదినను సుగన్య డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఏ వస్తువూ కొనలేదు.

డాక్టరమ్మ తమిళంలో, అవ్వను పిలిచే పాటీ అన్న పిలుపుతో అడిగింది. "చెప్పండి పాటీ, మనసుకు ఎలా ఉంది?"

వదిన తమిళంలో బేరమాడితే సంతలో కోడిపుంజు కూడా తలదించుకుంటుంది. అలాంటిది, నా వైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టింది.

"మనసు సంగతి నాకు అరవంలో రాదు. నేను చెప్తాను. నువ్వు ఆమెకు చెప్పు."

సరే అన్నాను. తెలియక అన్నాను.

"ఈమె పప్పులో చింతపండు ఎక్కువ వేస్తుంది. వద్దని ఇరవై ఏండ్లుగా చెప్తా ఉండాను."

నేను డాక్టరమ్మతో తమిళంలో అన్నాను. "ఆకలి సరిగా లేదంటోంది."

"అట్ల చెప్పలేదు నేను," అంది వదిన. "చింతపండు అన్నాను. చింతపండు అని చెప్పు."

చెప్పాను. డాక్టరమ్మ తల వంచుకుని రాసుకుంది. ఆమె భుజాలు కదిలాయి.

"టీవీలో నేను సీరియల్ చూస్తే శబ్దం తగ్గిస్తుంది."

చెప్పాను.

"నేను చేసిన గుగ్గిళ్లు బాగుండాయని వచ్చినవాళ్లు అంటే, తాను చేసినట్టు ఊరుకుంటుంది."

అది ఒక్కసారే. అయినా చెప్పాను. ఒక్కసారే అని కలిపాను. వదిన వేలు చూపించి "రెండుసార్లు" అంది. రెండుసార్లు అని దిద్దాను.

అప్పుడు వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

"నా మొగుడు పోయినాక తమ్ముడింటికి వచ్చినాను. ఇరవై రెండేండ్లు. పగలంతా ఈమె కుట్టు మిషన్ పక్కనే కూర్చొని హుక్కులు కుట్టేదాన్ని, అంచు మడిచేదాన్ని. ఉగాది నుండి ఈమె ఆ గది తలుపు వేసుకొనింది. నన్ను పిలవలేదు. దినమూ తలుపు దాకా పోయి నిలబడి వచ్చేస్తా ఉంటిని. నా మీద ఏదో కోపం అనుకొంటిని. అడిగితే పొమ్మంటుందేమో అని భయం. పొమ్మంటే యాడికి పోయేది?"

తలుపు వేసుకున్నది కోపంతో కాదు. వణికే చేయి ఎవరికీ కనబడకూడదని వేసుకున్నాను. అవతల ఒక మనిషి నిలబడి ఉందని మూడు నెలలుగా నాకు తెలియదు.

డాక్టరమ్మ నా వైపు చూస్తోంది.

"చెప్పు వేదా," అంది వదిన మెల్లగా. "చెప్పకుంటే ఆమెకు ఎట్ల తెలుస్తుంది?"

వదిన "ఈమె తలుపు వేసుకొనింది" అంటే నేను తమిళంలో "నేను తలుపు వేసుకున్నాను" అని చెప్పాలి. "నన్ను పిలవలేదు" అంటే "నేను ఆమెను పిలవలేదు" అనాలి. ఒక్కొక్క మాట అట్లా తిప్పి చెప్పాను. చివరి మాటకు వచ్చేసరికి తిప్పడం మరిచిపోయి "పొమ్మంటే యాడికి పోయేది" అని తెలుగులోనే అన్నాను. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వదిన ఈసారి ఒక్కటీ దిద్దలేదు. నా మోకాలి మీద చేయి వేసి కూర్చుంది.

డాక్టరమ్మ వదినకు ఇప్పుడేమీ మాత్ర రాయలేదు. వారం తరువాత మళ్లీ రక్తపరీక్ష, ఉప్పు నిలకడగా ఉందో లేదో చూడాలి. కొత్త బీపీ మాత్ర ఒంటికి పడాలి. ఆ తరువాతే, కావాలంటే వేరే మందు ఆలోచిద్దామంది. అంతవరకు రెండు వారాలకొకసారి వచ్చి మాట్లాడాలి. నాకు ఇదే మోతాదు, ఇంకా కొన్ని నెలలు. బాగున్నానని నేనే ఆపేయకూడదు, ఆపేటప్పుడు ఆమే మెల్లగా తగ్గిస్తుంది.

బయటికొస్తూ వదిన ముఖం ముడుచుకుంది. "నీకు మాత్ర ఇచ్చింది. నాకు ఉత్త మాటలే."

"ఆ మాటలకే ఒప్పుకుని రా వదినా."

టోకెన్లు రాసే పిల్ల, వచ్చే సోమవారాలన్నీ నిండిపోయాయి, పద్దెనిమిదిన ఒకరికే ఖాళీ ఉందంది. వదిన బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. మనసు సంగతి కాదు కాబట్టి తమిళం ధారాళంగా వచ్చింది. రెండు నిమిషాల్లో రెండు టోకెన్లు పుట్టాయి.

"ఇద్దరూ కలిసే రావాలా పాటీ? తోడు కోసమా?" అని అడిగింది ఆ పిల్ల.

"తోడుకు కాదమ్మా," అంది వదిన. "ఈమె మీద చెప్పాల్సింది ఇంకా సగం ఉంది."

ఆగస్టు పద్దెనిమిది, పదిన్నరకు. ఇద్దరికీ.